పద్నాలుగో మొక్క

స్వరూప ఇంకా బతికే ఉంది. ఈ కేసులో నాకు కలిసొచ్చిన సంగతి అదొక్కటే.

బుధవారం ఉదయం ఏడూ పది. కర్నూల్లో ఒక నర్సింగ్ హోం, మేడ మీద చివరి గది. ఆమె గొంతులో గొట్టం, మంచం పక్కన యంత్రం. యంత్రం గాలి పంపితే ఛాతీ లేస్తోంది, ఆపితే దిగుతోంది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. చేలో రోజుకు తొమ్మిది గంటలు నిలబడి పనిచేసిన మనిషి, రెప్ప కూడా సొంతంగా ఎత్తలేక పడి ఉంది.

ఆమె నా సాక్షి. నా పేరు శ్రీశైలం, సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది కానీ మోకాళ్లు పోయినేడే రిటైరయ్యాయి. గద్వాల వైపు విత్తన పత్తి పండిస్తారు. ఆడ మొక్క పువ్వుకు మగ మొక్క పుప్పొడిని చేత్తో అంటించాలి, ఒక్కో పువ్వుకూ విడివిడిగా. దాన్నే క్రాసింగ్ అంటారు. 2005 పంటలో కొన్ని చేలల్లో ఆ పని చేయకుండానే చేసినట్టు రిజిస్టర్ రాసి గింజలు అమ్మేశారు. ఈ ఏడు నాగర్‌కర్నూలు వైపు ఎనిమిది ఊళ్లలో వాటిని విత్తితే చేలు ఏపుగా పెరిగాయి, కాయ మాత్రం పట్టలేదు. ఆ రిజిస్టర్‌లో ప్రతి పేజీ కిందా సూపర్‌వైజర్ సంతకం ఉంది. మూడు చుట్లు తిరిగి, చివర కిందికి పొడుగ్గా లాగిన గీత. పేరు లేదు. దాని జిరాక్సు జేబులో పెట్టుకుని ఇన్నాళ్లుగా తిరుగుతున్నాను. ఎవరిని అడిగినా "తెల్వదు సారూ" అన్నారు.

స్వరూప ఒక్కతే తెలుసు అంది. "కానీ మీకు జెప్ప సారూ. శుక్రారం జడ్జి ముందర జెప్త. ఒక్కసారే జెప్త" అంది. చెబుతూ ఏడ్చింది. విత్తన పంట ఆర్గనైజర్ శ్రీనాథ్‌కు భయపడుతోందనుకున్నాను. నీకేం కాదమ్మా, నేనున్నా అన్నాను. నిన్న, మంగళవారం సాయంత్రం, వడ్డేపల్లి దగ్గర చేలో ఆమె పడిపోయి కనిపించింది. పక్కన పురుగుమందు సీసా ఉంది.

కేసు షీటు తీసుకుని చదివాను. రెండుసార్లు చదివాను.

"కంటిపాపలు మామూలుగా ఉన్నాయని రాశారు" అన్నాను డ్యూటీ డాక్టర్‌తో. "మందు తాగితే గుండుసూది మొనంత అయిపోవాలి కదా? నోట్లోంచి చొంగ కారాలి. ఇట్లాంటివి ముప్పై చూశాను నేను."

ఆ కుర్రవాడి కళ్లు నాకంటే ఎర్రగా ఉన్నాయి. "పోలీసులు మందు తాగిందని రాసిచ్చారు. బట్టల మీద మందు వాసన ఉంది. మేం దానికే వైద్యం చేస్తున్నాం. తగ్గాలి సార్, తగ్గడం లేదు. ఇది వేరే ఏదైనా అయితే అదేంటో మాకు చెప్పాలి. రేపు ఉదయానికి ఇలాగే ఉంటే నేనేం చెప్పలేను."

మంచం పక్కన ఆమె మరిది శ్రవణ్ కుమార్ నిలబడి ఉన్నాడు. భర్త రామన్న మేస్త్రీ వెంట పుణె పనికి పోయాడు, ఇంకా బస్సులోనే ఉన్నాడు. ఇంట్లో చదువుకున్నవాడు శ్రవణ్ ఒక్కడే. గద్వాలలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో టెక్నీషియన్. చేలో ఆమెను మొదట చూసింది, చేతుల మీద ఎత్తుకుని ఆటోలో వేసింది వాడే.

"వదినెకు రెప్పలు వాల్తయి సార్ ఎనుకటి సంది. నేనే హైదరాబాదు తీస్కపోయిన. నరాల రోగమేమో అన్నరు, పరీక్ష జేసిండ్రు. లేదని వచ్చింది. ఇగో రిపోర్టు." జేబులోంచి తీసి చూపించాడు. కిందటేడు డిసెంబరుది. 'నెగెటివ్' అని స్పష్టంగా ఉంది. "రోగం లేకపాయె. మనసుల ఏం బెట్టుకున్నదో ఏమో."

వాడు వంగి ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు. మూసి ఉన్న రెప్పల కిందినుంచి నీళ్లు కారి రెండు చెవుల్లోకీ దిగాయి. కదల్లేకపోయినా ఆమెకు అన్నీ తెలుస్తున్నాయి. మరిది అంటే ఎంత ప్రేమో అనుకున్నాను.

రాత్రి శ్రీనాథ్ మనుషులిద్దరు పండ్లు పట్టుకుని పరామర్శకు వచ్చిపోయారని నర్సు చెప్పింది. నాకది నచ్చలేదు. కాగితం తీసి రాశాను: 'వైద్య సిబ్బంది, శ్రవణ్ కుమార్ తప్ప ఎవరినీ లోపలికి పంపరాదు.' సంతకం పెట్టి తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ వెంకటన్నకు ఇచ్చాను. గడియ వదులుగా ఉంటే వార్డ్‌బాయ్‌తో మరలు బిగింపించాను.

"ఎవరన్న గడబిడ జేస్తే లోపల గడియ పెట్టుకో. నేను చెప్పేదాక తియ్యకు" అన్నాను శ్రవణ్‌తో.

"మంచిది సార్" అన్నాడు.

* * *

తొమ్మిదీ నలభైకి చేలో ఉన్నాను. నడుమెత్తు పత్తి, వరసగా సాళ్లు. స్వరూప పక్క సాలులో పనిచేసే లలితమ్మ నన్ను ఆమె సాలు దగ్గరికి తీసుకుపోయింది.

ఈ పని ఎట్లా చేస్తారో మళ్లీ అడిగి చెప్పించుకున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి చీకటి పడేదాకా, మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొగ్గలను ఏరి, బొటనవేలి గోటితో చీల్చి, రేకులూ పుప్పొడీ ఒలిచేసి, నడిమి కాడను మాత్రం వదలాలి. దాని మీద ఎర్ర కాగితపు తొడుగు వేయాలి. పొద్దున ఆ ఎర్ర కాగితాన్ని చూసి మగ పువ్వు అంటిస్తారు. గోరు కాస్త లోతుగా దిగితే పిందె పోతుంది. చేతులు చెప్పినట్టు వినాలి.

సాలు మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ నడిచాను. మొదటి పది మొక్కల మీద ఎర్ర కాగితాలు బడి పిల్లల్లా బుద్ధిగా కూర్చున్నాయి. పదకొండో మొక్క నుంచి ఒకటీ అరా వంకరయ్యాయి. పద్నాలుగో మొక్క దగ్గర ఆగాను. ఒక మొగ్గ సగమే చీలింది. ఇంకొకదానికి గోరు జారి కాడ విరిగింది. ఎర్ర కాగితాలు ఏడెనిమిది మొక్క మొదట్లో నేలరాలి ఉన్నాయి. పదిహేనో మొక్కను ఎవరూ ముట్టుకోలేదు.

"లలితమ్మా, స్వరూప ఇక్కడిదాక వచ్చేసరికి టైమెంత?"

"చాయ టైము సారూ. మూడుంబావు బస్సు పోయినంక చాయ క్యాను దెస్తరు. మూడున్నర అనుకోండ్రి."

"అంత ఖచ్చితంగ ఎట్ల చెప్తవు?"

"నా సాలు జూడుండ్రి. నేను గూడ పద్నాలుగో మొక్క కాడనే చాయ తాగిన. మేం పక్క పక్క సాళ్లల్ల ఒక్కతీరుగ నడుస్తం. ముచ్చట వెట్టుకుంట జేస్తం గద, ఒకరు ముందుకు వోతే ముచ్చట తెగుతది."

"స్వరూప చాయ తాగిందా?"

లలితమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏడ తాగింది సారూ! గ్లాసు చేతుల నిలవలే. నేనే నోటికాడ వెట్టిన. ఒక్క గుక్క తాగంగనే ముక్కులకెల్లి వచ్చింది. 'గొంతు దిగుతలేదక్కా' అన్నది, మాట గూడ ముక్కుల నుంచే వచ్చింది. గట్టు కాడ నీడకు పండవెట్టి మేం ఆ కొసకు పోయినం."

"తర్వాత?"

"ఐదుంబావుకు శ్రవణు బండి మీద వచ్చిండు. 'మందు తాగింది, మందు తాగింది' అని మొత్తుకున్నడు. అప్పుడురికి వచ్చినం."

"గట్టు మీద అంతకుముందు ఎవరున్నరు?"

"శ్రీనాథ్ సారు మనిషి మందు కొట్టే డబ్బ వట్టుకొని తిరుగుతుండె."

రాసుకున్నాను. "ఈ చాయ సంగతి నిన్న పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగిండ్రు సారూ? మందు సీసా యాడున్నది అని అడిగిండ్రు. సూపెట్టిన."

వెనక జీపు ఆగిన చప్పుడైంది. తిరిగి చూడనక్కర్లేదు, ఆ బ్రేకు నాకు తెలుసు. గద్వాల సి.ఐ. ఉదయ్ కిరణ్. ముప్పై రెండేళ్లు, ఇస్త్రీ నలగని యూనిఫాం. మూడు వారాలుగా నేను వాడి సర్కిల్‌లో తిరగడం వాడికి కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టుంది.

"సార్, మొగ్గలు లెక్కవెడుతుండ్రా? సి.ఐ.డి.ల ఇప్పుడు ఇదే పనా?"

"నువ్వు లెక్కపెట్టలేదు కాబట్టి నేను పెడుతున్నా. ఎఫ్.ఐ.ఆర్. ఏమని రాసినవు?"

"ఆత్మహత్యాయత్నం. సెక్షన్ మూడువందల తొమ్మిది."

"బాగుంది. బతికితే ఆమె ముద్దాయి, పోతే పంచనామా. రెండిట్లనూ నీకు పని తక్కువ."

"ఈ సీజన్ల నా సర్కిల్ల ఇది ఆరోది సార్. ఆరింట్ల ఆరు మందు సీసాలే. మిగిలిన ఐదుగురి కోసం మీరు రాలే. ఈమె మీ సాక్షి గాబట్టి ఇది మీకు వేరే తీరుగ కనవడుతుంది."

మాట తగిలింది. నిజమే, ఆ ఐదుగురి కోసం నేను రాలేదు. అయినా ఊరుకోలేదు. షెడ్డులోంచి అదే కంపెనీ కొత్త సీసా ఒకటి తెప్పించి వాడి చేతికిచ్చాను.

"మూత తియ్యి."

"ఏంది సార్ ఇది?"

"తియ్యవయ్యా."

సీలు కట్టు గట్టిది. మొదటిసారి వాడి చెయ్యి జారింది. రెండోసారి రుమాలు వేసి పట్టుకున్నాడు. మూడోసారికి ఊడింది.

"నువ్వు పోలీసోడివి, పొద్దున్నే కసరత్తు చేస్తవు. నీకు మూడుసార్లు పట్టింది. నిన్న మూడున్నరకు ఆమెకు చాయ గ్లాసు చేతిలో నిలవలేదు. కాగితపు తొడుగు మొగ్గకు తొడగలేకపోయింది, చూడు కింద. తాగిన చాయ ముక్కులోంచి వచ్చింది. గొంతు దిగనిదానికి ఐదింటికి మందెట్ల దిగింది? ఎవరో ఆమె బట్టల మీద పోసిండ్రు. ఆమె అంతకుముందే పడిపోయింది."

ఉదయ్ కిరణ్ కిందికి చూశాడు. ఎర్ర కాగితాలను బూటు కొనతో కదిపాడు.

"శ్రీనాథ్‌ను లోపలెయ్యమంటరు. రేపు ఈ రెండువందల ఎకరాల్ల క్రాసింగ్ ఆగుతది. కూలోళ్లు హైదరాబాదుల మీ ఇంటి ముందట గూసోరు, నా స్టేషన్ ముందట గూసుంటరు. మీరు రిటైరై పోతరు సార్. నేను ఈడనే ఉండాలె."

"శ్రీనాథ్ అని నేననలేదు."

"మరి ఎవరు?"

"తెలిస్తే ఈ ఎండల నిలబడతనా?"

వాడు సీసా నేలమీద పెట్టి వెళ్లిపోయాడు. లలితమ్మ నా దగ్గరికొచ్చి, వినపడీ వినపడనట్టు ఇంకో రెండు సంగతులు చెప్పింది. స్వరూప వనపర్తిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి రెండుసార్లు పోయింది. నిన్న మధ్యాహ్నం పనికి వచ్చేముందు యేసయ్య దగ్గర సూది వేయించుకుంది.

* * *

యేసయ్య ఆ ఊరి ఆర్.ఎం.పి. ఒకప్పుడు కాంపౌండరు, ఇప్పుడు చుట్టుపక్కల నాలుగూళ్లకు డాక్టరు. పన్నెండూ ఇరవైకి వెళ్లేసరికి గదిలో బల్ల తుడుస్తున్నాడు. అప్పటికే మెరుస్తున్న బల్లను మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు.

"నిన్న స్వరూపకు సూది వేసినవా?"

"ఏసిన సారూ. పన్నెండున్నరకు. సోమారం పొద్దుమీకి ఒకటి, నిన్న ఒకటి. దగ్గు, జరమని వచ్చింది."

"నీ అంతట నువ్వే వేసినవా?"

"అయ్యో, లేదు సారూ. చిట్టీ దెచ్చింది. హైదరాబాదు చిట్టీ."

గోడకు వేలాడే తీగకు గుచ్చిన కాగితాల్లోంచి ఒకటి తీసి రెండు చేతులతో ఇచ్చాడు. చిన్న తెల్ల చీటీ. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఒక మందు పేరు, రోజుకు ఒకటి చొప్పున మూడు రోజులు. డాక్టరు పేరు లేదు, ముద్ర లేదు. ఆ మందు పేరు నేనిక్కడ రాయను. రాస్తే మంచికంటే చెడుకే ఎక్కువ పనికొస్తుంది.

"ఇది హైదరాబాదు డాక్టరు రాసిందని నీకెట్ల తెలుసు?"

"ఆమెనే అన్నది. పెద్ద డాక్టరు రాసిండంట, మూడు దినాలు ఏసుకోవాల్నంట అన్నది. ఇది పాత పేరు సారూ, ఇప్పటి పిల్ల డాక్టర్లకు గూడ తెల్వదు. నాకు తెల్సు. ముప్పై ఏండ్ల సర్వీసు." ఆ మాట అన్నప్పుడు అంత భయంలోనూ కొంచెం నిటారుగా నిలబడ్డాడు.

"ఎవరు రాసిండ్రు, ఎందుకు రాసిండ్రు అని అడగలేదా?"

"హైదరాబాదు చిట్టీని ఎట్లడుగుత సారూ? అంత పెద్ద డాక్టరు మన దగ్గరికి చిట్టీ పంపిండంటే..." పల్లెల్లో ఆర్.ఎం.పి.లు అందరూ ఇంతే. పట్నం చీటీ వస్తే దానికి దండం పెట్టి సూది ఎక్కిస్తారు. ప్రశ్న వేస్తే తమకు తెలియదని తేలిపోతుందని భయం. ఈ సంగతి తెలిసినవాడెవడో చీటీ రాశాడు.

"ఆ మందు చెడ్డదా?"

"చెడ్డదెట్లయితది? ఊర్ల సగం మందికి ఏసిన. నా బిడ్డకు గూడ ఏసిన." యేసయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. "సారూ, స్వరూపను నేను చంపిన్నా?"

"ఇంకా చావలేదు" అన్నాను. అంతకంటే మంచిమాట నా దగ్గర లేదు.

* * *

మోకాళ్లు జీపు డాష్‌బోర్డుకు కొట్టుకుంటుంటే వనపర్తి చేరేసరికి నాలుగూ నలభై. డాక్టర్ వసంత హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో పనిచేస్తుంది, నరాల డాక్టరు. నెలకు ఒక బుధవారం సొంతూరు వచ్చి, ఖాళీగా ఉన్న ఒక బడి గదిలో రోగులను చూస్తుంది. దారిపొడుగునా ఆమె వెళ్లిపోతుందేమోనని వాచీ చూసుకుంటూనే ఉన్నాను. వెళ్లలేదు. పిల్లల బెంచీ మీద ఇరుకుగా కూర్చుని చివరి రోగికి మందులు రాస్తోంది.

స్వరూప పేరు చెప్పగానే పెన్ను పక్కన పెట్టింది. జరిగింది చెప్పాను. శ్రవణ్ చూపించిన నెగెటివ్ రిపోర్టు సంగతీ చెప్పాను.

"అది పాత పరీక్ష. ఆమెకు రోగముంది ఇన్‌స్పెక్టర్ గారూ."

"లేదని రాశారు కదా?"

"చూడండి, నరం కండను అంటుకొని ఉండదు. నడుమ సన్నని సందు ఉంటది. నరం ఒక రసాయనం విసురుతది, అవతల కండ మీద దాన్ని పట్టుకునేటివి ఉంటయి, చేతులనుకోండి. పట్టుకుంటే కండ కదుల్తది. కణాలు మాట్లాడుకునేది గిట్లనే. ఈ రోగంల మన ఒంటి కాపలావాళ్లే పొరబడి ఆ చేతులను పట్టేసుకుంటరు. పాత పరీక్ష దాన్నే చూస్తది. స్వరూపకు చేతులు బాగానే ఉన్నయి. అందుకే రోగం లేదు, నాటకమన్నరు."

"మరి?"

"ఐదేండ్ల కింద కొత్త సంగతి బయటపడ్డది. ఆ చేతులను ఒక్కచోట కూడేసి నిలబెట్టే ప్రొటీన్ ఒకటి వేరే ఉంది. మన పాలమూరు లెక్కన చెప్పాలంటే మేస్త్రీ. కూలీలు ఉన్నరు, మేస్త్రీని కట్టేసిండ్రు. ఇగ పనెవరు చేయించాలె? కొందరు రోగుల్ల దాడి ఆ మేస్త్రీ మీద జరుగుతది. మా దగ్గర ఇప్పుడు దానికి పరీక్ష ఉంది. జూలైల స్వరూప రక్తం నేనే తీస్కపోయిన. పాజిటివ్ వచ్చింది."

యేసయ్య ఇచ్చిన చీటీ ఆమె ముందు పెట్టాను. చదివి, కళ్లద్దాలు తీసేసింది.

"ఇది మామూలు మందే. మీకిచ్చినా, నాకిచ్చినా ఏం గాదు. కానీ నరం విసిరే రసాయనాన్ని తగ్గిస్తది. అసలే అందీ అందని కబురు, అదీ తెగిపోతది. చేతులు పడిపోతయి, మింగుడు పోతది, చివరికి ఊపిరి." ఆమె వేలు మందు పేరు మీద ఆగింది. "ఈ పేరు ఇప్పుడు ఎవ్వరూ రాయరు. నేను చదువుకున్ననాటి పేరు, అలవాటు పోక నేను రాస్త. రిపోర్టుతోపాటు ఒక లిస్టు పంపిన, ఈమెకు ఎన్నడూ ఇయ్యకూడని మందులని. అండ్ల మూడోది ఇదే. జాగ్రత్త కోసం పంపిన లిస్టు చూసి..." చీటీని నా వైపు తోసేసింది.

"ఇప్పుడు బతికించొచ్చా?"

"బతుకుతది. కర్నూలు డాక్టరుకు ఇప్పుడే నేను చెప్త. పురుగుమందుకు చేసే వైద్యం ఆపి దీనికి చెయ్యాలె. మిషన్ మీద ఉంది గాబట్టి మందు ప్రభావం దిగేదాక ఆగితే చాలు. ఇంకో డోసు మాత్రం పడొద్దు. పడితే నా చేతుల లేదు."

నిన్న సాయంత్రం నుంచి మొదటిసారి నాకు ఊపిరి పూర్తిగా ఆడింది. చీటీలో రాసింది మూడు రోజులు. మూడో రోజు ఇవ్వాళే. కానీ యేసయ్య ఇక వేయడు, ఆమె గదికి కాపలా ఉంది.

"ఆ లిస్టు ఎవరి చేతికి పంపారు?" అన్నాను. శ్రీనాథ్ మనిషి ఎవరో పోస్టాఫీసులో కాజేసి ఉంటాడని నా లెక్క.

"ఆమెకు చదువు రాదని, ఇంట్ల చదువుకున్నోళ్ల పేరు మీద రిజిస్టర్ పోస్టు చేసిన. అందినట్టు కార్డు వాపసొచ్చింది." సంచిలో ఫైలు వెతికి గులాబీ రంగు కార్డు తీసింది. సెప్టెంబరు పదకొండు, అంటే తొమ్మిది రోజుల కిందట. అందుకున్నవారి పేరు: శ్రవణ్ కుమార్.

పేరు కింద సంతకం ఉంది. మూడు చుట్లు తిరిగి, చివర కిందికి పొడుగ్గా లాగిన గీత.

జేబులోని జిరాక్సు తీయాల్సిన పని లేదు. కళ్లు మూసుకున్నా నాకా సంతకం కనపడుతుంది. అయినా తీసి పక్కన పెట్టాను. నిరుడు సీజన్లో సూపర్‌వైజర్‌గా ఉండి రిజిస్టర్లో దొంగ సంతకాలు చేసింది సొంత మరిది. అందుకే నాకు చెప్పలేక ఏడ్చింది. ఒక్కసారే చెప్త అన్నది అందుకే. ఆ చీటీ ఆమె చేతికి ఇచ్చింది వాడే, చేలో మందు పోసి మొత్తుకుంది వాడే. పొద్దున వాడి చెయ్యి నుదుటి మీద పడ్డప్పుడు ఆమె కళ్లలోంచి కారిన నీళ్లను నేను ప్రేమనుకున్నాను. నోరులేని మనిషి ఒక్క దారిలో నాకు చెప్పుకుంది, ముప్పై ఏళ్ల సర్వీసుండి నేను చదవలేకపోయాను. నా మీద నాకే రోత పుట్టింది.

సెల్‌ఫోన్ తీశాను. ఐదూ పది. వెంకటన్న మూడోసారి మోగాక ఎత్తాడు.

"వెంకటన్నా, గదిల ఎవరున్నరు?"

"మన శ్రవణే సార్. మీరు రాసిచ్చిన కాయితం ప్రకారమే, పురుగును గూడ రానిస్తలేను."

"నర్సు యాడున్నది?"

"డ్యూటీ మారే టైము సార్, కిందికి వోయింది. వదినెకు జరమొచ్చినట్టుంది, రక్తం తీసి పరీక్ష జేస్త అని శ్రవణు ఇప్పుడే సూది వట్టుకొని లోపటికి వోయిండు. ల్యాబుల పనిజేస్తడు గద సార్."

"తలుపు తియ్యి! వాని చెయ్యి పట్టుకో! ఉరుకు!"

ఫోన్లో బూట్ల చప్పుడు. తలుపును తోసిన చప్పుడు. మళ్లీ తోసిన చప్పుడు. నా పక్కన డాక్టర్ వసంత ఇంకో ఫోన్లో కర్నూలు నంబరు కోసం వెతుకుతోంది. వనపర్తి నుంచి కర్నూలుకు ఎంత తరిమినా రెండు గంటలు.

"సార్..." వెంకటన్న గొంతులో ఏడుపు. "లోపట గడియ వెట్టుకున్నడు సార్. గుద్దితే తియ్యడు. 'సారు చెప్పేదాక తియ్యొద్దన్నడు' అంటుండు. గడియ మస్తు గట్టిగున్నది సార్, వస్తలేదు!"

ఆ గడియ మరలు పొద్దున దగ్గరుండి బిగింపించింది నేనే.